బిర్యానీ డబ్బాలో నారు పోద్దాం రండి

ఆదివారం బిర్యానీ తెప్పించుకున్న ఇంట్లో సోమవారం పొద్దున సింకు పక్కన ఏముంటాయో చెప్పక్కర్లేదు. అడుగు నల్లగా, మూత అద్దంలా ఉన్న డబ్బాలు రెండు, రైతా పోసిచ్చిన చిన్న గిన్నె, సాలన్‌ది ఇంకోటి. కర్రీ పాయింట్ నుంచి పప్పో సాంబారో తెచ్చుకుంటే అవి మరో రెండు. బాగున్నాయి కదా అని కడిగి దాచుకుంటాం, అల్మరా తలుపు పడనన్ని అయ్యాక ఒకరోజు విసుగొచ్చి అన్నీ కలిపి చెత్తబండికి ఇచ్చేస్తాం. 2022 జులై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు దేశమంతా నిషేధించారు కానీ ఈ పార్సిల్ డబ్బాలు ఆ జాబితాలో లేవు. అంటే ఇవి మనింటికి వస్తూనే ఉంటాయి.

మా మేడ మీద కుండీల్లో పెరిగే టమాటా, వంగ, మిరప నారంతా నేను ఆరేళ్ళుగా వీటిలోనే పోసుకుంటున్నాను. నారు ట్రేలు కొననక్కర్లేదు, కుండీలు నారుకోసం ఖాళీ పెట్టనక్కర్లేదు, కిటికీ గట్టు మీద రెండు డబ్బాలు పట్టే చోటుంటే చాలు. కాకపోతే డబ్బాలో మట్టి పోసి విత్తనాలు చల్లేస్తే అయిపోయే పని కాదిది. మొదటి ఏడాది నేను అలాగే చేసి మూడు సార్లు నారు పోగొట్టుకున్నాను. రెండు సార్లు నీళ్ళు ఎక్కువై, ఒకసారి ఎండలో మూత పెట్టి ఉంచి. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు నారు పోగొట్టుకునేది కూడా ఎక్కువగా ఈ రెండు తప్పుల వల్లే, అందుకే ఆ రెండింటి గురించి కాస్త ఎక్కువగా చెప్తాను.

ఇంత చిన్న డబ్బాలో మొక్క ఎలా బతుకుతుంది అని అనుమానం రావచ్చు. మన రైతులు షేడ్‌నెట్ నర్సరీల నుంచి తెచ్చుకునే టమాటా, మిరప నారు చూడండి, అదంతా 98 గుంతలుండే ప్రోట్రేలలో పెరిగినదే. ఒక్కో గుంతలో పట్టేది రెండు మూడు చెంచాల కోకోపీట్, అంటే కొబ్బరిపీచు పొట్టు. అందులోనే మొక్క దాదాపు నెల రోజులు హాయిగా పెరిగి పొలానికి వెళ్తుంది. నారుకి చోటు పెద్దగా అక్కర్లేదు, వేరుకి గాలి ఆడాలి, తేమ ఉండాలి, ఆకుకి వెలుతురు ఉండాలి.

ఏ డబ్బా దేనికి

డబ్బా తిరగేసి అడుగున చూస్తే మూడు బాణాల ముక్కోణం, మధ్యలో ఒక అంకె కనిపిస్తుంది. వేడి కూరలు, బిర్యానీ వచ్చే డబ్బాల మీద చాలావరకు 5 ఉంటుంది, అది పాలీప్రొపిలీన్. వంగుతుంది, తొందరగా విరగదు, వేడినీళ్ళతో కడగొచ్చు, మన పనికి ఇదే మొదటి ఎంపిక. కేకులు, స్ట్రాబెర్రీలు, ద్రాక్ష వచ్చే పల్చటి అద్దంలాంటి పెట్టెల మీద సాధారణంగా 1 ఉంటుంది. వాటికి మూత అతుక్కునే ఉంటుంది, పళ్ళ పెట్టెలైతే చిల్లులు కూడా ముందే ఉంటాయి కాబట్టి బాగా పనికొస్తాయి, వేడినీళ్ళు మాత్రం పోయకండి, ముడుచుకుపోతాయి. 6 అంకె ఉన్నవి పెళుసుగా ఉంటాయి, మేకు పెట్టగానే పటుక్కున చీలిపోతాయి. వాటి జోలికి నేను వెళ్ళను.

లోతు కనీసం రెండు అంగుళాలు ఉండాలి. అర లీటరు, ముప్పావు లీటరు పలకల డబ్బాలు టమాటా, వంగ, మిరపలకు సరిగ్గా సరిపోతాయి, ఒక్కోదాంట్లో ఇరవై దాకా విత్తనాలు వేయొచ్చు. పెరుగు కప్పులు, రైతా గిన్నెలు బీర, సొర, కాకర, దోసలకు ఉంచండి. ఈ తీగజాతి మొక్కలకు వేరు కదిలితే పడదు, నాలుగు కలిపి పోసి పీకి విడదీస్తే నాలుగూ వాడిపోతాయి. కప్పుకి ఒకటి చొప్పున వేసి, మట్టిగడ్డతో సహా దించి నాటుకోవాలి. కిలో పెరుగు వచ్చే బకెట్ దొరికిందంటే దాన్ని నారుకి వాడకండి, అందులో ఏకంగా పుదీనాయే పెంచుకోవచ్చు.

బెండ, గోరుచిక్కుడు, ముల్లంగి, క్యారెట్, మెంతి, కొత్తిమీర వీటికి నారు పోయడం దండగ. నేరుగా కుండీలో వేసుకోండి. ముల్లంగి, క్యారెట్లయితే నారు తీసి నాటితే గడ్డ వంకరపోయి చీలికలు వస్తాయి కూడా.

కడగడం సంగతి. బిర్యానీ డబ్బాకు నూనె పట్టుకుని ఉంటుంది, పైపైన నీళ్ళతో తొలిపితే పోదు. గిన్నెల సబ్బుతో రెండుసార్లు తోమి, గోరువెచ్చని నీళ్ళతో కడిగి ఎండలో ఆరబెట్టండి. వేలితో రాస్తే కిర్రుమనాలి. నూనె మిగిలితే చీమలు వస్తాయి, వచ్చిన చీమలు ఊరికే పోవు, విత్తనాలు కూడా మోసుకుపోతాయి. పచ్చడి డబ్బా అయితే ఉప్పు కూడా ఉంటుంది కాబట్టి ఒక రాత్రంతా నీళ్ళలో నానబెట్టండి. పసుపు మరక పోకపోయినా ఏమీ కాదు.

చిల్లులు పెట్టడం

నారు పోసినవాడు నీరు పోయడా అంటారు. డబ్బాలో పోసిన నారుకి ఆ పోసిన నీరు బయటకు పోయే దారి కూడా మనమే చూడాలి. కుండీకి మట్టి గోడ ఉంటుంది, కొంత తేమ అదే పీల్చుకుంటుంది. ప్లాస్టిక్ చుక్క కూడా పీల్చదు. అడుగున రెండు చిల్లులు పెట్టి ఊరుకుంటే మూలల్లో నీళ్ళు నిలిచిపోయి అక్కడి వేర్లు గాలాడక కుళ్ళిపోతాయి, పైకి మాత్రం మట్టి పొడిగా కనిపిస్తుంది, పొడిగా ఉంది కదా అని మనం ఇంకా పోస్తాం.

అర లీటరు డబ్బాకి నేను పది చిల్లులు పెడతాను. నాలుగు మూలలకూ నాలుగు, మధ్యలో ఆరు. ఇంకో విషయం, డబ్బా అడుగు పూర్తిగా చదునుగా ఉండదు, అంచు చుట్టూ చిన్న కాలువలా దిగి ఉంటుంది, కొన్నిటికి మధ్యలో పైకి ఉబ్బి ఉంటుంది. డబ్బాలో ఒక చెంచాడు నీళ్ళు పోసి పక్కలకు ఊపి చూడండి, నీళ్ళు ఎక్కడికి చేరుతున్నాయో అక్కడే చిల్లి పడాలి. ఎత్తుగా ఉన్నచోట ఎన్ని పెట్టినా లాభం లేదు.

మేకు కాల్చి పెట్టడం అందరిళ్ళలో అయ్యే పని. రెండంగుళాల మేకుని పట్టకారుతో పట్టుకుని స్టవ్ మంట మీద అర నిమిషం ఉంచి, డబ్బాని బోర్లించి, అడుగు మీద ఆనించండి. నొక్కక్కర్లేదు, మెత్తగా వెన్నలో దిగినట్టు దిగిపోతుంది. దిగిన చోట చుట్టూ చిన్న ఉంగరంలా ప్లాస్టిక్ కరిగి గట్టిపడుతుంది, దానివల్ల చిల్లి దగ్గర నుంచి చీలిక సాగదు. బయట నుంచి లోపలికి పొడిస్తే ఆ ఉంగరం గట్టులా లోపలివైపు నిలబడి కొంచెం నీళ్ళు ఆపుతుంది, అందుకే డబ్బా లోతు తక్కువైతే లోపలి నుంచే పొడవండి, లేదంటే చల్లారాక బ్లేడుతో ఆ గట్టు చెక్కేయండి. ఒక్క వేడికి రెండు మూడు చిల్లులు పడతాయి, మళ్ళీ కాల్చుకోవాలి. ఈ పని కిటికీలన్నీ తీసి, లేదా బాల్కనీలో చేయండి. కాలిన ప్లాస్టిక్ పొగ పీల్చడం మంచిది కాదు, పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోకండి. ఇంట్లో సోల్డరింగ్ ఐరన్ ఉంటే పని ఇంకా తేలిక. చిల్లి కందిగింజంత ఉంటే చాలు, అంతకన్నా పెద్దదైతే కోకోపీట్ కారిపోతుంది.

నీళ్ళు బాగా పోతాయని అడుగున గులకరాళ్ళు, కుండపెంకులు పరిచే అలవాటు చాలామందికి ఉంది. ఇంత తక్కువ లోతు డబ్బాలో అది చేయకండి. రాళ్ళ పొర పైన ఉన్న మట్టి నీళ్ళని కిందికి వదలదు, తనలోనే పట్టి ఉంచుకుంటుంది, కాబట్టి తడి వేర్లకు ఇంకా దగ్గరవుతుంది. పైగా ఉన్న రెండంగుళాల్లో అర అంగుళం రాళ్ళకే పోతుంది.

లోపల ఏం నింపాలి

తోటమట్టి ఒక్కటే నింపితే రెండుసార్లు నీళ్ళు పోసేసరికి ఇటుకలా బిగుసుకుపోతుంది. నల్లరేగడి అయితే మరీను, ఎండితే పగుళ్ళు, తడిస్తే బంక. నేను వాడేది రెండు పాళ్ళు కోకోపీట్, ఒక పాలు జల్లించిన వర్మీ కంపోస్ట్ (వానపాముల ఎరువు). గుప్పెడు వేపపిండి కలిపే అలవాటు ఉన్నవాళ్ళు కుండీలకు కలుపుకోండి, నారుకి అంత బలం అక్కర్లేదు. విత్తనంలోనే మొదటి పది పన్నెండు రోజులకు సరిపడా తిండి ఉంటుంది.

650 గ్రాముల కోకోపీట్ ఇటుక నానితే సుమారు 8 లీటర్లు అవుతుంది, అంటే పదిహేను డబ్బాలకు పైగా నిండుతాయి. కానీ కొన్నదాన్ని కొన్నట్టు నానబెట్టి వాడేయకండి. కొబ్బరిపీచులో ఉప్పు ఉంటుంది, సరిగ్గా కడగని ఇటుకలో అది అలాగే మిగిలిపోతుంది. ఒకసారి నేను తెచ్చిన ఇటుక చౌకగా వచ్చిందని కడగకుండా వాడితే, మొలకలు వచ్చాయి, వచ్చిన వారానికి ఆకుల అంచులు కాలినట్టు గోధుమరంగుకి తిరిగాయి. బకెట్లో నానబెట్టి, పాత చున్నీలోనో పంచెలోనో వేసి పిండి, మళ్ళీ నీళ్ళు పోసి పిండి, అలా రెండు మూడు సార్లు చేస్తే వచ్చే నీళ్ళు చిక్కటి డికాషన్ రంగు నుంచి పల్చటి టీ రంగుకి, ఆ తర్వాత దాదాపు మామూలు నీళ్ళ రంగుకి వస్తాయి. అప్పుడు వాడుకోవచ్చు.

కలిపిన మిశ్రమాన్ని గుప్పిట్లో పట్టి గట్టిగా పిండండి. ఒకటి రెండు చుక్కలు కారాలి, చెయ్యి తెరిస్తే ముద్ద నిలబడాలి, వేలితో తడితే విడిపోవాలి. ధారగా కారిందంటే ఎక్కువ తడి, కాసేపు ఆరబెట్టండి. డబ్బాలో అంచుకి అర అంగుళం కిందిదాకా నింపి, అరచేత్తో మెల్లగా సర్దండి, అదమకండి.

విత్తనాలు వేయడం

పాత ప్యాకెట్ ఉంటే ముందు పరీక్ష చేసుకోండి. చిల్లులు పెట్టని ఒక పెరుగు కప్పులో తడి టిష్యూ పరిచి పది విత్తనాలు వేసి మూత పెట్టి వంటింట్లో నీడపట్టున ఉంచండి. వారం పది రోజుల్లో, మిరపకైతే రెండు వారాల్లో, ఏడెనిమిది మొలిస్తే మంచిదే. మూడో నాలుగో మొలిస్తే రెట్టింపు వేసుకోవాలి, ఒక్కటీ రాకపోతే ఆ ప్యాకెట్ కోసం డబ్బా, నెల రోజులు వృథా చేసుకోకుండా కొత్తది తెచ్చుకోవచ్చు. గులాబీ రంగో నీలం రంగో పూసిన విత్తనాలైతే అది తెగులు మందు, వేశాక చేతులు సబ్బుతో కడుక్కోండి.

రకాల గురించి ఎక్కువ చెప్పను కానీ, ఏడాది ఏడాదికీ విత్తనం సొంతంగా తీసుకోవాలనుకుంటే పూసా రూబీ టమాటా, గులాబి, భాగ్యమతి వంగ లాంటి సూటి రకాలు, అంటే హైబ్రిడ్ కానివి, తెచ్చుకోండి. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ళ అర్క రక్షక్ టమాటా తెగుళ్ళను బాగా తట్టుకుంటుంది, కానీ అది హైబ్రిడ్, దాని పండులోంచి తీసిన విత్తనం వేస్తే అదే మొక్క రాదు.

టమాటా, వంగ, మిరప విత్తనాలని విత్తనం మందానికి రెండు మూడు రెట్లు లోతు, అంటే చిటికెన వేలి గోరులో సగం లోతులో వేస్తే చాలు. పెన్సిల్ మొనతో వరుసగా గుంటలు పెట్టుకుని, వేలి వెడల్పు దూరం చొప్పున గుంటకి ఒక్కటే వేయండి. చేతిలో చాలా విత్తనాలున్నాయి కదా అని చిటికెడు చిటికెడు చల్లేయకండి. అవన్నీ ఒకేచోట మొలిచి, వెలుతురు కోసం ఒకదాన్ని ఒకటి తోసుకుంటూ దారాల్లా సాగిపోతాయి, పీకేటప్పుడు వేర్లు అల్లుకుపోయి ఒక్కటీ దక్కదు. పైన పల్చగా పొడి మిశ్రమం జల్లి, స్ప్రేతో తడపండి.

కాకర గింజ తోలు గట్టిది. గోళ్ళు తీసుకునే నెయిల్ కట్టర్‌తో గింజ మొన కాకుండా పక్క అంచుని కొంచెం కత్తిరించి, రాత్రంతా నీళ్ళలో నానబెట్టి వేస్తే తొందరగా మొలుస్తుంది. సొర, బీర గింజలకు నానబెడితే చాలు.

మన వాతావరణంలో టమాటా ఐదారు రోజుల్లో, వంగ వారం పది రోజుల్లో, మిరప పది నుంచి రెండు వారాల్లో పైకి వస్తాయి. 25 నుంచి 30 డిగ్రీల వేడి వీటికి ఇష్టం. డిసెంబరు చలిలో మిరప మూడు వారాలు తీసుకున్నా కంగారుపడి తవ్వి చూడకండి. వానాకాలం పంటకి మృగశిర కార్తె మొదలయ్యాక, అంటే జూన్ రెండో వారం నుంచి పోసుకోవచ్చు. చలికాలం టమాటాకి ఆగస్టు చివర, సెప్టెంబరు మంచి సమయం. రోహిణి కార్తె ఎండల్లో నారు పోయడం మాత్రం మానుకోండి.

మిరప మొలక పైకి వచ్చేటప్పుడు ఒక పొద్దున్న కూర్చుని చూడండి. ముందు మట్టిలో వెంట్రుకంత పగులు వస్తుంది, ఆ తర్వాత మెడ వంచిన కొంగలా తెల్లటి కాడ లేస్తుంది, తల ఇంకా లోపలే ఉంటుంది. మధ్యాహ్నానికి తల ఎత్తుతుంది, ఒక్కోసారి విత్తనం పొట్టు టోపీలా తల మీదే ఉండిపోతుంది. దాన్ని గోటితో లాగకండి, లోపలి ఆకులు తెగిపోతాయి. ఒక చుక్క నీళ్ళు ఆ పొట్టు మీద వేసి అరగంట ఆగితే మెత్తబడి, ఆకులే దాన్ని నెట్టేస్తాయి.

మూత ఎప్పుడు పెట్టాలి, ఎప్పుడు తీయాలి

పార్సిల్ డబ్బాలో ఉన్న గొప్పతనం ఆ మూతే. పెట్టి ఉంచితే లోపల తేమ ఆవిరై మూతకి తగిలి మళ్ళీ కిందికే రాలుతుంది, నాలుగైదు రోజులు నీళ్ళు పోసే పనే ఉండదు. కానీ మూత పెట్టిన డబ్బాని ఎండలో ఒక్క గంట పెట్టినా లోపల ప్రెషర్ కుక్కర్ అయిపోతుంది. నేను ఒక ఏప్రిల్‌లో చేసిన తప్పు ఇదే. ఆఫీసుకి వెళ్ళే తొందరలో మిరప డబ్బాలు రెండు మేడ మీద నీడలో పెట్టాననుకున్నాను, పదకొండింటికి నీడ జరిగిపోయింది. సాయంత్రం వచ్చి చూస్తే అప్పుడే రెండాకులు విప్పుకున్న మొలకలన్నీ ఉడకబెట్టిన ఆకుకూరలా మట్టికి అంటుకుపోయి ఉన్నాయి. మా అమ్మ తెనాలి నుంచి పంపిన నాటు మిరప విత్తనం అది, రెండోసారి వేయడానికి ఇంట్లో ఒక్క గింజ లేదు. ఆ రోజు నుంచి ఎప్పుడూ ఉన్న విత్తనమంతా ఒకేసారి వేయను, సగం దాచుకుంటాను.

కాబట్టి మూత ఉన్నన్నాళ్ళూ డబ్బా ఇంట్లోనే, వెలుతురు వచ్చే నీడలో ఉండాలి. మూతకి కూడా నాలుగైదు చిల్లులు పెట్టండి. రోజుకొకసారి తీసి రెండు నిమిషాలు గాలి తగలనిచ్చి పెట్టండి. మూడో వంతు మొలకలు కనిపించాయంటే మూత పని అయిపోయింది, పూర్తిగా తీసేయండి, మిగతావి వాటంతటవే వస్తాయి. అన్నీ వచ్చేదాకా ఆగితే ముందు వచ్చినవి సాగిపోతాయి, బూజు కూడా పడుతుంది.

మూత తీసిన రోజు నుంచి వెలుతురు ఎంత వీలైతే అంత. మొదటి రెండు మూడు రోజులు పొద్దుటి నీరెండ, ఆ తర్వాత మధ్యాహ్నం దాకా. కిటికీ గట్టు మీదే ఉంచాల్సి వస్తే డబ్బాని రోజుకోసారి తిప్పండి, లేకపోతే అన్నీ ఒకేవైపు వంగిపోతాయి. కాడ జానెడు పొడవు, ఆకులు రెండే, తల వాలిపోతోంది అంటే దానికి వెలుతురు సరిపోలేదని అర్థం. ఎరువు వేస్తే బాగుపడదు, ఇంకా సాగుతుంది.

డబ్బా అద్దంలా ఉన్నదైతే పక్కల నుంచి వెలుతురు పడి లోపల ఆకుపచ్చ పాచి పడుతుంది, వేర్లకూ వెలుతురు మంచిది కాదు. చుట్టూ పాత న్యూస్‌పేపర్ చుట్టి రబ్బరుబ్యాండు వేయండి.

ఆకుముడత భయం ఉన్న ఇళ్ళలో, అంటే చుట్టుపక్కల టమాటా మొక్కల ఆకులు ముడుచుకుని కనిపిస్తుంటే, నారు మీద పాత దోమతెర ముక్క కప్పండి. టమాటాలో ఆ వైరస్‌ని మోసుకొచ్చేది తెల్లదోమ, అది నారు దశలో వాలిందంటే మొక్క పెద్దయ్యాక ఎంత మందు కొట్టినా తిరిగిరాదు. పావురాల బెడద ఉన్న అపార్ట్‌మెంట్లలో కూడా ఆ తెరే కాపాడుతుంది.

నీళ్ళు

మూత ఇక్కడ రెండోసారి పనికొస్తుంది. దాన్ని తిరగేసి డబ్బా కింద పళ్ళెంలా పెట్టండి (చిల్లులు పెట్టినదైతే చిల్లుల్లేని ఇంకో మూత). నీళ్ళు ఆ పళ్ళెంలో పోస్తే అడుగు చిల్లుల్లోంచి మట్టే పైకి పీల్చుకుంటుంది. పైన మట్టి రంగు ముదిరిందంటే చాలినట్టు. ఇరవై నిమిషాలయ్యాక మిగిలిన నీళ్ళు పారబోసేయండి, ఇది మర్చిపోకండి. నిలిచిన నీళ్ళలో వారం పది రోజుల్లో దోమలు తయారవుతాయి, వానాకాలంలో డెంగీ తెచ్చే దోమకి ఇలాంటి చిన్న పళ్ళాలే ఇష్టం.

ఎప్పుడు పోయాలి అన్నదానికి రోజుకి ఇన్నిసార్లు అని లెక్క చెప్పలేను. డబ్బాని ఎత్తి చూడండి. తడిపిన వెంటనే ఒకసారి ఎత్తి ఆ బరువు చేతికి గుర్తుపట్టించండి. మళ్ళీ ఎత్తినప్పుడు అరచేతిలో ఖాళీ డబ్బాలా తేలిగ్గా అనిపిస్తే పోయాలి. బరువుంటే పైన ఎంత పొడిగా కనిపించినా వద్దు. రెండు రోజుల్లో చేతికి అలవాటవుతుంది. పొద్దున్నే పోయండి, రాత్రంతా తడిగా ఉంటే తెగుళ్ళు వస్తాయి.

నారుకుళ్ళు అనేది వచ్చేది ఇలాగే. నిన్నటిదాకా నిటారుగా ఉన్న మొక్క ఇవాళ పొద్దున మట్టిని తాకే చోట నొక్కేసినట్టు సన్నబడి పక్కకి పడిపోయి ఉంటుంది, ఆకులు ఇంకా పచ్చగానే ఉంటాయి. దాని పక్కది రేపు, ఆ పక్కది ఎల్లుండి. పడిపోయినవాటిని చుట్టూ ఉన్న మట్టితో సహా చెంచాతో తీసి పారేయండి, రెండు రోజులు నీళ్ళు ఆపి గాలి తగిలేచోట పెట్టండి. ఆగకపోతే లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మట్టి తడిసేలా పోస్తారు. మందులు వద్దనుకునేవాళ్ళు మిశ్రమం కలిపేటప్పుడే కొంచెం ట్రైకోడెర్మా విరిడి పొడి (తెగుళ్ళను అడ్డుకునే మేలు చేసే శిలీంధ్రం) కలుపుకోండి. వచ్చాక చేసేదానికన్నా ఇదే మేలు.

తీసి నాటడం

మొదట వచ్చే రెండు ఆకులు నున్నగా, కోలగా ఉంటాయి, అవి విత్తనం లోపలివే. వాటి మధ్య నుంచి అసలు ఆకులు వస్తాయి, టమాటా అయితే వాటి అంచులు చెక్కినట్టుంటాయి, అప్పుడే నలిపితే టమాటా వాసన కూడా వస్తుంది. అలాంటివి రెండు వచ్చాక వారానికోసారి బాగా పల్చబరిచిన వర్మీవాష్ (వానపాముల ఎరువు నుంచి తీసిన ద్రవం) పోయొచ్చు. నాలుగు వచ్చాక నాటడానికి తయారైనట్టు. టమాటాకి 25 నుంచి 30 రోజులు, వంగకి 30 నుంచి 35, మిరపకి 35 నుంచి 40 రోజులు పడుతుంది.

నాటే ముందు వారం రోజులు డబ్బాని మేడ మీద ఎండలో ఉంచే సమయం రోజురోజుకీ పెంచుతూ, నీళ్ళు కొంచెం తగ్గించండి. కాడ గట్టిపడి, అడుగున కాస్త ఊదారంగు తిరుగుతుంది. ఇంట్లో నీడలో పెరిగిన నారుని తీసుకెళ్ళి ఒకేసారి ఎండలో పెడితే ఆకులు తెల్లగా కాలిపోతాయి.

సాయంత్రం పూట నాటండి. గంట ముందు డబ్బా తడిపి, పక్కలు నాలుగు వైపులా మెల్లగా నొక్కితే మట్టి గోడ నుంచి విడుతుంది. పాలీప్రొపిలీన్ డబ్బా అయితే ఇక్కడ సుఖం తెలుస్తుంది, వంగుతుంది కాబట్టి. మొక్కని కాడ పట్టుకుని లాగకండి. ఆకు పట్టుకోండి, ఆకు తెగితే ఇంకోటి వస్తుంది, కాడ నలిగితే మొక్క పోతుంది. చెంచా వెనకభాగంతో కింద నుంచి ఎత్తి, వేర్లకు అంటిన మట్టితో సహా గుంటలో దించండి. టమాటాని అడుగు ఆకుల దాకా లోతుగా నాటొచ్చు, పూడిన కాడ నుంచి కూడా వేర్లు వస్తాయి. వంగ, మిరపలను డబ్బాలో ఎంత లోతులో ఉన్నాయో అంతే లోతులో పెట్టండి.

న్యూజెర్సీలో ఉండే మా అక్క ఇదే పని పెరుగు డబ్బాల్లో మార్చి చివర ఇంట్లో మొదలుపెడుతుంది, గోంగూర, దోస, బీర అన్నీ. అక్కడ మే నెల దాకా మంచు భయం కాబట్టి మొక్కలు బయటికి వెళ్ళేది ఆ తర్వాతే, అందాకా కిటికీ వెలుతురు చాలక లైటు కూడా పెట్టుకుంటుంది. అలాంటి చోట ఉన్నవాళ్ళు పైన నేను చెప్పిన నెలలు పట్టించుకోకండి, మీ ఊళ్ళో మంచు ఎప్పుడు ఆగుతుందో చూసుకుని అక్కడి నుంచి వారాలు వెనక్కి లెక్కపెట్టుకోండి.

పేర్లు రాసి గుచ్చడం మర్చిపోకండి, వంగకీ మిరపకీ మొదట్లో తేడా తెలియదు. విరిగిన పెరుగు కప్పుని వేలెడు వెడల్పు పట్టీలుగా కోసి, పేరు, తేదీ రాసి గుచ్చండి. మార్కర్ అక్షరాలు ఎండకి నెల్లోనే వెలిసిపోతాయి కాబట్టి మట్టిలో దిగే కొసన కూడా అదే రాయండి, అక్కడ ఎండ తగలదు, అలాగే ఉంటుంది.

మళ్ళీ వాడేముందు

నారు తీసేశాక డబ్బాకి అంటిన మట్టి కడిగి, ఒక వంతు బ్లీచ్‌కి తొమ్మిది వంతుల నీళ్ళు కలిపి పది నిమిషాలు ముంచి, మామూలు నీళ్ళతో కడిగి ఆరబెట్టండి. పోయినసారి నారుకుళ్ళు వచ్చిన డబ్బా అయితే ఇది తప్పనిసరి. ఒకసారి మట్టి పోసిన డబ్బాని మళ్ళీ వంటింట్లో వాడకండి, కలిసిపోకుండా నేను నారు డబ్బాల అంచుకి మార్కర్‌తో గీత పెట్టుకుంటాను.

ఒకదాంట్లో ఒకటి దూర్చి నీడలో పెడితే మూడు నాలుగు సీజన్లు వస్తాయి. మేడ మీద ఎండకీ వానకీ వదిలేస్తే ఒక్క వేసవికే పెళుసెక్కి, చెయ్యి వేస్తే పెంకులు పెంకులుగా రాలి కుండీ మట్టిలో కలిసిపోతాయి. ఆ ముక్కల్ని ఏరడం ఎవరివల్లా కాదు, ఆ మట్టిలోనే మనం ఆకుకూరలు పెంచుకోవాలి. అందుకని ప్రతిసారీ వాడేముందు అంచుని వేళ్ళతో కొంచెం వంచి చూడండి. మెత్తగా వంగి వెనక్కి వస్తే ఇంకోసారి పనికొస్తుంది. వంచిన చోట తెల్లగీత పడి చిటుక్కుమంటే మట్టి నింపకుండా కడిగి పొడిచెత్తలో వేసేయండి.